చిన్నాయన డోజరు, పట్టేసిన చైన్లు

మా చిన్నాయనకు పాత ఇనుము పిచ్చి. ఊర్లో డబ్బున్నోళ్ళు లోను పెట్టి కొత్త ట్రాక్టర్లు తెచ్చుకుంటుంటే ఈయన మాత్రం యాడ వేలం పాట అంటే ఆడికి పోయేవాడు, కాలిపోయిన మోటార్లు, పగిలిన పంపుసెట్లు, ఒకసారైతే రోడ్డు రోలర్ ముందు చక్రం ఒక్కటే తెచ్చి కల్లంలో పడేసినాడు. దీన్నేం చేసుకుంటావ్‌రా అని జేజి అడిగితే "ఉండనీలేమ్మా, దేనికో ఒగదానికి వస్తాది" అన్నాడు. ఆ చక్రం దేనికీ రాలేదు, దాని మీద కూర్చుని మేం శెనక్కాయలు ఒలుచుకునేవాళ్ళం అంతే.

అట్లాంటి మనిషి 90ల మొదట్లో ఒక ఎండాకాలం ఏకంగా డోజరే తెచ్చినాడు, టైర్లకు బదులు ఇనుప చైన్ల మీద నడుస్తా, ముందున్న బ్లేడుతో మట్టి తోసే బండి.

మాది నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ మధ్య ఊరు, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోవాల. అంతా నల్లరేగడి. రేగడి తొక్కనోళ్ళకు చెప్తే అర్థం కాదు, ఎండాకాలం కాలు ఇరుక్కునేంత నెర్రెలు, ఒక్క వాన పడిందంటే చెప్పులు చేత పట్టుకోవాల్సిందే, ఎద్దుల బండి ఇరుసు దాకా దిగబడ్తాది, టైర్ల ట్రాక్టర్ అయితే నిల్చున్న చోటే గుంత తవ్వుకుంటాది. దానికి తోడు వంక పక్కన మా చేను సగం సర్కారు కంప పట్టిపోయింది. కూలోళ్ళను పెట్టి కొట్టిస్తే మళ్ళీ వానకు రెండింతలు మొలిచేది, వేరుతో పెకలిస్తే తప్ప కంప చావదు. అందుకని చిన్నాయన బుర్రలో చైన్ బండి తిరుగుతా ఉండేది. బ్లేడు లెక్కేయకుండానే నాలుగున్నర టన్నుల పైన ఉంటాది కదా దిగబడదా అని నేనడిగితే, ఆ బరువంతా రెండు పొడుగు చైన్ల మీద పరుచుకుంటాదిరా, నేల మీద పడే ఒత్తిడి మనిషి అడుగుకు అటూ ఇటూగానే ఉంటాది అన్నాడు. అప్పుడు నమ్మలేదు గానీ నిజమే. అసలు ఈ చైన్ బండ్లు పుట్టిందే మెత్తటి నేల కోసం అని నాకు చాన్నాళ్ళకు తెలిసింది, 1904లో కాలిఫోర్నియాలో స్టాక్టన్ దగ్గర బెంజమిన్ హోల్ట్ అనే ఆయన ఆవిరి ట్రాక్టర్ చక్రాలు దిగబడిపోతుంటే విసిగిపోయి, ఆ చక్రాలు పీకేసి చెక్క పలకల పట్టాలు తగిలించి నడిపి చూసినాడంట. ఆయన నేల గూడా మన వంక చేను బాపతే అన్నమాట.

మా డోజరు యాడ దొరికిందంటే, తెలుగుగంగ కాలువ పనులు చేసిన ఒక కాంట్రాక్టరు పని అయిపోయినాక వదిలేసి పోయిన సామాన్లో. కాలువ గట్టు పక్కన పల్లంలో, ఎడమ పక్క చైను సగం ఒండులో పూడిపోయి, ప్లేట్ల సందుల్లోంచి కంపచెట్టే మొలిచింది. (మా పక్కన కేసీ కెనాల్ ఉంది చూడండి, సుంకేసుల నుంచి కడప దాకా, దాన్ని 1860ల్లో ఇట్లాంటి మిషన్లేవీ లేకుండా మనుషులు తవ్వినారు. ఆ గట్టు మీద నడిచినప్పుడల్లా నాకు ఆ పారలే గుర్తుకొస్తాయి.) బండి మాత్రం అసలైన క్యాటర్‌పిల్లర్ కంపెనీ డీ4 మోడలు. నంబరు ప్లేటు మీద 7యూ అని మొదలయ్యేది, ఆ సిరీస్ 1947 నుంచి 1959 దాకా తయారైంది, అంటే మా నాయన కంటే కొంచెం చిన్నది, చిన్నాయన కంటే పెద్దదేమో.

ఇంటికి తేవడం గురించి రాస్తే అదే ఒక కథ అవుతాది గానీ వదిలేస్తా. రెండు ట్రాక్టర్లు కట్టి లాగినా చైన్లు తిరగలేదు, బండి నేల మీద గీసుకుంటా వచ్చింది. లారీ ఎక్కించేదానికి మట్టి ర్యాంపు, చైన్ పుల్లీ, ఊర్లో సగం మంది మొగోళ్ళు. కల్లంలో దించినాక జేజి వచ్చి చుట్టూ ఒక రౌండు తిరిగి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. అనుంటే బాగుండేది అని చిన్నాయన తర్వాత అన్నాడు.

ఊర్లో అందరికీ ఇంజన్ మీదే దిగులు. ఇన్నేళ్ళు నానింది, పిస్టన్లు పట్టేసుంటాయి, ఇంజన్ పోయుంటే డబ్బులు బూడిదలో పోసినట్టే అని అరుగుల మీద ఒకటే మాట. చిన్నాయన ఎవరి మాటా వినకుండా పక్కూర్లో ఉండే ఒక పెద్దాయనను పిల్చుకొచ్చినాడు. శ్రీశైలం డ్యాం పనుల్లో డోజరు నడిపిన మనిషి, మేం పిల్లోళ్ళం డోజర్ తాత అనేవాళ్ళం, చిన్నాయన మామా అనేవాడు. తెల్ల గడ్డం, లుంగీ, జేబులో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి. ఆయన వచ్చి బానెట్ గూడా ఎత్తలేదు. నేరుగా చైను దగ్గరికి పోయి కూర్చుని, ఒక్కో లింకు దగ్గరా ఆ చిన్న సుత్తితో తట్టుకుంటా పోయినాడు. కొన్ని చోట్ల లోపల గలగలమని వదులు శబ్దం, కొన్ని చోట్ల మొద్దుగా ఒకటే దెబ్బ. మొద్దుగా పలికిన చోటల్లా నాతో సుద్దముక్కతో గీత పెట్టించినాడు. కుడి చైన్లో అక్కడక్కడ, ఎడమ చైన్లో ఒండులో ఉన్న భాగం మొత్తం తెల్లగా అయిపోయింది.

"ఇంజనుకేమీ గాదులే అబ్బీ, దానికి మూతలుండాయి. దీనికేముండాది మూత?" అన్నాడు.

చైను లోపల ఏముంటాదో ఆయన చెప్పగా తెలిసిందే నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక్కో కీలు దగ్గర లావుపాటి పిన్ను, దాని చుట్టూ గొట్టం మాదిరి బుష్. పిన్ను రెండు కొసలు బయటి లింకుల్లో ప్రెస్సు పెట్టి బిగిస్తారు, బుష్‌ను లోపలి లింకుల్లో బిగిస్తారు. తిరగాల్సింది ఒకే ఒక చోట, పిన్నుకూ బుష్‌కూ మధ్య, ఆ సందు ఇంతుంటాది అని గోరు చూపించినాడు. తర్వాతి కాలంలో సీళ్ళు వేసి, ఆయిల్ నింపిన చైన్లు వచ్చినాయి గానీ మా బండికి అదేం లేదు, ఎండు పిన్నులు. రోజూ నడుస్తా ఉంటే అరుగుతాయి గానీ పట్టవు. నిలబెట్టేస్తే నీళ్ళు పోతాయి, తుప్పు పుడ్తాది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటాది, ఆ గోరంత సందులో అది ఉబ్బి పిన్నునూ బుష్‌నూ ఒకటి చేస్తాది. ఇంక ఆ కీలు మడత పడదు. చైనును తిప్పే పళ్ళ చక్రం ఉంటాదే, స్ప్రాకెట్ అంటారు, దాని చుట్టూ తిరగాల్సిన చోట నిటారుగా నిలబడ్తాది, లేదంటే పైన మూపురం లేచినట్టు లేస్తాది, బలవంతం చేస్తే బుష్ స్ప్రాకెట్ పన్ను మీదికెక్కి చైను ఊడొస్తాది.

చిన్నాయన అప్పటికే సమ్మెట చేతికి తీసుకున్నాడు. తాత చెయ్యి అడ్డం పెట్టినాడు. "ఊరికే కొట్టొద్దబ్బీ. పిన్ను పైన గట్టి ఇనుము, పెళుసు. పెచ్చు లేసిందంటే తూటా మాదిరి వస్తాది" అని ఆయన ముంజేతి మీద మచ్చ చూపించినాడు, లోపల ముక్క ఇంకా ఉందంట, వేలు పెట్టి తడిమితే తగిలింది నాకు. ఆ రోజు నుంచి సమ్మెట పట్టినోళ్ళు కళ్ళద్దాలు పెట్టుకోవాల, పిల్లోళ్ళు వేపచెట్టు అవతలే ఉండాల. ఇంకో మాట గూడా చెప్పినాడు, చైను బిగువు వదులు చేసే స్క్రూ ఉంటాదే, దాని వెనకాల పెద్ద స్ప్రింగు, అది నొక్కి పెట్టి ఉంటాది, ఆ స్ప్రింగు కప్పు బోల్టుల జోలికి మాత్రం ఎవరూ పోవద్దు, ప్రాణం పోతాది అని. చిన్నాయన దేన్నైనా విప్పి చూసే రకం గానీ ఆ స్ప్రింగును మాత్రం ఆఖరు దాకా ముట్టుకోలేదు.

ముందు ఆ బిగువు స్క్రూ వదులు చేసేదానికే తల ప్రాణం తోకకొచ్చింది. దాని మరలు తుప్పు పట్టి పైపు తొడిగిన పానాకు ఇద్దరు వేలాడినా కదలలేదు. డీజిల్లో పాత ఇంజన్ ఆయిల్ కలిపి, నూనె డబ్బాతో పొద్దున సాయంత్రం పోయడం నా పని. పిన్నుల సందుల్లో గూడా అంతే, సుద్ద గీత ఉన్న ప్రతి చోటా. ఇస్కూలు సెలవులు కాబట్టి ఇంక నాకు వేరే పని లేదు, ఒళ్ళంతా డీజిల్ కంపు, అమ్మ అన్నం తినేటప్పుడు దూరంగా కూర్చోమనేది.

ఇక్కడే జేజి కలగజేసుకుంది. రోజూ అరుగు మీద నుంచి చూస్తా ఉంది గదా, ఒకరోజు "అంతంత డీజిల్ పోసే బదులు కందెన పెట్టగూడదారా" అనింది. మా తాత బండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన చేసేది ఈమే, నలభై ఏళ్ళు ఆ బండి కిర్రుమనలేదు అని ఆమెకు గర్వం. చిన్నాయన అది గూడా నిజమే కదా అని గ్రీజు డబ్బా తెచ్చినాడు. డోజర్ తాత ఒప్పుకోలేదు. అమ్మా, బండి ఇరుసు గాల్లో తిరుగుతాది, ఇది మట్టిలో తిరుగుతాది, జిడ్డు పెడితే ఇసక అంటుకుంటాది, ఇసకా జిడ్డూ కలిస్తే సాన పట్టినట్టు పిన్నును తినేస్తాది, పట్టు విడిపించేదానికి డీజిల్ పోద్దాం, విడిపించినాక పొడిగానే ఉండాల అన్నాడు. జేజి ఒప్పుకోలేదు. వీళ్ళిద్దరికీ ఈ వాదన ఆ ఎండాకాలమంతా నడిచింది, ఆయన టీ తాగేదానికి అరుగు మీదికొస్తే చాలు మొదలు, ఒకరి మాట ఒకరు ఒప్పుకునింది లేదు గానీ ఆయనకు టీలో చక్కెర ఎంతేయాల్నో మాత్రం జేజికి తెలిసిపోయింది.

డీజిల్ ఒక్కటే చాల్లేదు. తర్వాత నిప్పు. నంద్యాల నుంచి గ్యాస్ వెల్డింగ్ అన్న వచ్చినాడు, ఇప్పటి మాదిరి రెండు సిలిండర్లు కాదు, ఆక్సిజన్ ఒకటే సిలిండరు, ఇంకో పక్క కార్బైడ్ డబ్బా. రాళ్ళ మాదిరి కార్బైడ్ ముక్కలు వేసి నీళ్ళు తగిలిస్తే గ్యాస్ పుడ్తాది, ఆ వాసన ఒకసారి పీలిస్తే జన్మలో మర్చిపోరు, కుళ్ళిన వెల్లుల్లిగడ్డ. మా పిల్లోళ్ళ కళ్ళన్నీ ఆ ముక్కల మీదే, ఒకటి రెండు దొంగతనంగా తీసుకుపోయి డబ్బాలో వేసి పేల్చినోళ్ళు ఉన్నారు, పేర్లు చెప్పను. తాత గ్యాస్ అన్న పక్కనే కూర్చుని ఒకటే చెప్పేవాడు: ఎర్రగా కానీయొద్దు, ఎర్రగా అయిందంటే దానికి పట్టిన గట్టిదనం పోతాది, ఇంక అది మైనమే. మంట బుష్ చుట్టూ తిప్పుతా తిప్పుతా, పక్కన నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాల, అంతే, ఆపేయాల. బయటిది వేడికి సాగుతాది, లోపలిది ఇంకా చల్లగా ఉంటాది, అప్పుడు తుప్పు పట్టు పగుల్తాది. వేడి మీదే డీజిల్ పోస్తే అంటుకుంటాది కాబట్టి చెయ్యి పెట్టగలిగేంత చల్లారినాక పోయాల, చల్లారేటప్పుడు అది లోపలికి పీల్చుకుంటాది. చల్లారే దాకా ఎవరూ మాట్లాడకుండా కూర్చునేవాళ్ళు, బీడీలు తాగే వాళ్ళను మాత్రం గేటు బయటికి తోలేవాడు.

అట్లా ఒక్కో కీలు వేడి చేసి, చల్లార్చి, నూనె పోసి, తర్వాత చైను కింద జాకీ పెట్టి పైకెత్తడం, జాకీ దించి పై నుంచి గడ్డపార వేసి కిందికి తొక్కడం. మొదటిసారి వెంట్రుకవాసి కదుల్తాది, సందులోంచి ఎర్రటి పొడి రాల్తాది. ఆ ఎర్ర పొడి చూసినప్పుడు తాత మొహం చూడాల! మళ్ళీ నూనె, మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. సుద్ద గీత చెరిపే హక్కు నాది. కొన్ని గీతలు పొద్దున చెరిపితే సాయంత్రానికి మళ్ళీ పెట్టాల్సొచ్చేది, ఎండిపోయి మళ్ళీ పట్టేసేవి.

ఇంజన్ సంగతికొస్తే తాత చెప్పినట్టే దానికేం కాలేదు, ఫిల్టర్లు, నాజిల్స్, కొంచెం శుభ్రం, అంతే. ఆ బండికి బ్యాటరీ సెల్ఫ్ కాదు, పెద్ద డీజిల్ ఇంజన్ పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోల్ ఇంజన్ ఉంటాది, ముందు దాన్ని తాడు చుట్టి లాగి స్టార్ట్ చేయాల, అది కాసేపు తిరిగి పెద్దదాన్ని తిప్పుతా వేడెక్కిస్తాది, అప్పుడు డీజిల్ వదలాల. ఆ చిన్నింజన్ ఇల్లెగిరిపోయేటట్టు అరుస్తాది. అది ఆపేసినాక పెద్దింజన్ డగ్ డగ్ డగ్ అని మెల్లగా నడుస్తుంటే ఆ శబ్దం కోసమే చిన్నాయన ఇంత డబ్బు పెట్టినాడేమో అనిపించింది. ఊర్లో అరుగుల మీద మాటలు ఆ రోజుకు ఆగిపోయినాయి.

కానీ బండి కదలాలంటే చైను కదలాలి. తాత సీట్లో కూర్చుని ఫస్ట్ గేర్లో జానెడు ముందుకు, రివర్స్‌లో జానెడు వెనక్కి, అంతే, గంటల తరబడి అదే. పట్టిన కీలు స్ప్రాకెట్ మీదికొచ్చేసరికి టక్ మని పెద్ద చప్పుడు, బండి మొత్తం అదిరేది, ఆయన వెంటనే క్లచ్ లివర్ లాగేసేవాడు, ఇంకొక్క జానెడు పోనియ్ మామా అని చిన్నాయన కింద నుంచి అరిస్తే వినేవాడే కాదు. ఆ లింకు దగ్గర మళ్ళీ నూనె, వీలైతే వేడి. అట్లా ఎడమ చైను మెల్లమెల్లగా జరిగి జరిగి మాస్టర్ పిన్ను ముందు చక్రం దగ్గరికొచ్చింది. చైను విప్పాలంటే ఆ ఒక్క పిన్ను దగ్గరే విప్పాల, దాని మొన మిగతావాటి కంటే వేరుగా ఉంటాది, అది అన్నాళ్ళూ బండి కింద ఒండులో ఉండిపోయింది కాబట్టే మేం చైను ఊడదీయకుండా ఇన్ని తిప్పలు పడింది. దాన్ని కొట్టి బయటికి తీసిన రోజు చిన్నాయన ఆళ్ళగడ్డకు పోయి అందరికీ మైసూర్‌పాక్ తెచ్చినాడు.

చైను నేల మీద పరిచినాక పని సులువైంది. కల్లంలో కాలువ మాదిరి గుంత తీసి, పాలిథిన్ పట్టా వేసి, అందులో పాత ఆయిలూ డీజిలూ పోసి చైను నానబెట్టినారు. తర్వాత పక్కింటాయన ట్రాక్టర్ కట్టి, చైను ఒక కొసను పైకెత్తి రెండో కొస మీదికి మడుస్తా లాగడం, మళ్ళీ విప్పడం. ఫ్రీగా ఉన్న లింకులు గలగలా మడత పడేవి, పట్టినవి కర్ర మాదిరి నిలబడేవి, ఇంక తట్టి చూసే పనే లేదు. అన్నీ వచ్చినాయి, ఒక్కటి తప్ప. దానికి ఎన్ని చేసినా మొండికేసింది, ఆఖరుకు గ్యాస్ పెట్టి కోసేసి, నంద్యాల్లో లేత్ షాపులో లారీ యాక్సిల్ ముక్కతో కొత్త పిన్ను తిప్పించినారు. నాకైతే తాత కంటే ఆ లేత్ మేస్త్రి గొప్పోడనిపించింది ఆ రోజు, ఇనుము నుంచి నీలం రంగు చుట్టలు రాల్తా ఉంటే నోరు తెరిచి చూసినా.

ఆ వానాకాలం ముందే కంప పెకలించడం మొదలైంది. డోజర్ ముందు కంపచెట్టు ఒక నిమిషం నిలబడ్లేదు, వేర్లు తెగే శబ్దం పటపటా వినపడేది, వెనకాల మేం కట్టెలు ఏరుకునేవాళ్ళం, ఊర్లో సగం ఇళ్ళకు ఆ ఏడాది పొయ్యి కట్టెలు మావే. వంక చేనులో శెనగ వేస్తే బాగానే పండింది. చుట్టుపక్కల రైతులు గూడా మడి చదును చేసేదానికి గంటకింత అని పిలిచేవాళ్ళు, డీజిల్ ఖర్చు పోను మిగిలేది తక్కువే గానీ చిన్నాయన లెక్క అది కాదు. పని లేని నెలల్లో గూడా వారానికోసారి బండి స్టార్ట్ చేసి కల్లం చుట్టూ తిప్పాల్సిందే అని తాత ఆర్డరు. తిప్పేవాడు. జేజి మాత్రం ఎవరూ లేనప్పుడు ఆముదం గిన్నె తీసుకుని చైను దగ్గరికి పోయేదని మా అత్త చెప్పింది, చూసినోళ్ళయితే లేరు.

తర్వాత జేసీబీలు వచ్చినాయి. రోడ్డు మీద టైర్లతో పరిగెత్తుకుంటా వచ్చి, పని చేసి, అదే రోజు ఇంకో ఊరికి పోతాయి, మా డోజర్‌కు ఊరు దాటాలంటే లారీ కావాల. పిలిచేవాళ్ళు తగ్గిపోయినారు. డోజర్ తాత పోయినాక చిన్నాయన గూడా దాని మీద అంతగా ధ్యాస పెట్టలేదు, ఇంజన్ హెడ్ పగిలితే బాగు చేయించలేదు. ఆఖరికి పాత ఇనుమోళ్ళు వచ్చినారు. బండి మొత్తానికి కిలో లెక్క బేరం అయింది గానీ చైన్ల దగ్గర చిన్నాయన అడ్డం తిరిగినాడు, "ఒక్క లింకు గూడా పట్టలేదు చూడు, ఎత్తి చూడు, దీనికి వేరే రేటు" అని. ఆ వచ్చినాయనకు నవ్వొచ్చింది, తిరిగినా తిరగకున్నా కాటా మీద ఒకటే సార్ అన్నాడు. చిన్నాయన ఇవ్వనన్నాడు. బండి పోయింది, చైన్లు రెండూ రోడ్డు రోలర్ చక్రం పక్కన చానా రోజులు పడున్నాయి, నేను పోయినప్పుడల్లా పిన్ని సణిగేది. ఇట్లాంటిదే ఇంకో డీ4 నడుపుతాన్న బేతంచెర్ల నాపరాళ్ళ క్వారీ ఆయన ఒకరు ఎవరో చెప్తే విని వచ్చి, ఒక్కో కీలూ చేత్తో మడిచి చూసుకుని, చిన్నాయన అడిగిన రేటుకే తీసుకుపోయినాడు.